ఈ-సిగరెట్‌పై స్థానిక నిషేధం వద్దు. అడ్డపొగ సంగతి చూడండి

బస్టాండ్లలో, పార్కుల్లో, హోటళ్లలో ఈ-సిగరెట్ తాగేవారికి మున్సిపాలిటీలు, పంచాయతీలు సొంతంగా నిషేధం పెట్టి జరిమానా వేయాలన్న ఆలోచనను మేం వ్యతిరేకిస్తున్నాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు అలాంటి తీర్మానంతో ఒరిగేదేమీ లేదు. ఇక్కడ చూడవలసింది అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం.

ఈ-సిగరెట్ మంచిదని మేం అనడం లేదు. నికోటిన్ ఒకసారి అలవాటైతే ఓ పట్టాన వదలదు. పిల్లల చేతికి అది చేరనే కూడదు. అందుకు 2019 నుంచే దేశమంతటికీ చట్టం ఉంది. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. తొలిసారి అమ్ముతూ దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పట్టుకోవలసింది అమ్మేవాణ్ని. తాగేవాడికి రసీదు రాయడానికి ఊరికో తీర్మానం ఎందుకు?

పైగా ఈ-సిగరెట్‌లో పొగాకు కాలదు, ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది. హాని లేదని కాదు గానీ, సిగరెట్ పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో ఉండవు. బ్రిటన్‌లో సిగరెట్ మానాలనుకునే పెద్దలకు ప్రభుత్వ ఆరోగ్య సేవే దీన్ని ఒక దారిగా చూపుతోంది. సిగరెట్ వదిలించుకోవడానికి దీన్ని పట్టుకున్న మనిషిని నలుగురిలో నిలబెట్టి జరిమానా వేస్తే, పక్కనున్న కిళ్లీ కొట్టులో మళ్లీ సిగరెట్టే కొనుక్కుంటాడు. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడంపై నిషేధం 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది, జరిమానా 200 రూపాయల వరకు. ముందు దాన్ని సరిగ్గా అమలు చేయాలి.

అసలు మన ప్రాంతాన్ని తినేస్తున్నది చుట్ట. తీరం ఊళ్లలో పెద్దావిడ చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకుని పెదాలు మూస్తుంది. గాలికి ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆ వేడంతా అంగిలికి తగులుతుంది. అక్కడ తెల్లమచ్చలు, పుండ్లు, కొందరికి క్యాన్సర్. 1971లో అచ్చయిన ఒక వైద్య పరిశోధన కోసం అప్పటి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షిస్తే, 43 శాతానికి పైగా అడ్డపొగ తాగేవారే. అర్ధ శతాబ్దం దాటినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మ ఉంటుంది, మానాలనుకునేవారికి 1800-11-2356 నంబరు ఉంటుంది. ఇంట్లో ఆకు చుట్టుకుని తాగే మామ్మకు పెట్టే లేదు, బొమ్మా లేదు, నంబరూ లేదు. ఆమె దగ్గరికి మనిషే వెళ్లి చెప్పాలి.

బీపీ, షుగర్ చూడటానికి ఇంటికి వచ్చే ఏఎన్ఎం, ఆశా కార్యకర్త అదే రాకలో టార్చి వేసి అంగిలి కూడా చూడాలి. అనుమానం ఉన్నవారిని విశాఖ పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు, తోడు వెళ్లే మనిషికి బస్సు చార్జీతో సహా, స్థానిక సంస్థలే చేయాలి. కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ తీరం ఊళ్లతో ఈ పని మొదలుపెట్టాలని రెండు జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం.