సవరణ: కుందేలు బొరియల మీద వలలు

ఇంగ్లండులో ఫెర్రెట్లతో (ముంగిసలా ఉండే పెంపుడు జంతువు, బొరియలోకి దూరి కుందేళ్ళను బయటికి తరుముతుంది) కుందేళ్ళు పట్టే తీరు గురించి మొన్న రాస్తూ, ఒక్క కన్నం వదిలి మిగతావన్నీ మట్టితో మూసేస్తారన్నాను. తప్పు. మా కోనసీమ చేలగట్ల మీద ఎలుకలకు పొగబెట్టే పద్ధతిని దానికి అంటగట్టేశాను.

ఇంగ్లండులో అయితే కనిపించిన ప్రతి కన్నం మీదా ఒక సంచి వల పరుస్తారు. బిగించి కట్టరు, వదులుగానే ఉంచుతారు. తాడు చివర మాత్రం మేకుకు కట్టి నేలలో దిగ్గొడతారు. కుందేలు దూసుకొచ్చిన ఊపుకే తాడు బిగిసి వల మూతి మూసుకుంటుంది. ఇదంతా చప్పుడు కాకుండా, ఫెర్రెట్‌ను లోపలికి వదలకముందే అయిపోవాలి.

మన దగ్గరా చేయొచ్చా అని ఒకరిద్దరు అడిగారు. మన అడవి కుందేలు బొరియ తవ్వదండీ, గడ్డిలో, పొదల్లో పడుకుంటుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద దాని వేట నేరం. మనకు ఎలుకలు చాల్లెండి.