బరువు తగ్గడం వేరు, తగ్గి నిలవడం వేరు

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు శామ్యూల్ క్లైన్ బృందం 2004లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. స్థూలకాయం ఉన్న 15 మంది మహిళలకు లైపోసక్షన్ చేసి, పొట్ట దగ్గర చర్మం కింద పేరుకున్న కొవ్వును ఒక్కొక్కరి నుంచి సుమారు 10 కిలోల చొప్పున తీసేశారు. పది, పన్నెండు వారాల తర్వాత పరీక్షించి చూస్తే రక్తంలో చక్కెరలో గానీ, రక్తపోటులో గానీ, కండరాలూ కాలేయమూ ఇన్సులిన్‌కు స్పందించే తీరులో గానీ చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు. నడుము సన్నబడింది, తూకం తగ్గింది, జీవక్రియ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవాన్ని నార్త్ కరొలైనా సర్జన్ వాల్టర్ పోరీస్ 1995లోనే వెల్లడించారు. ఆయన బృందం గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి, పేగు దారి మళ్లించే ఆపరేషన్) చేసిన 608 మందిలో, అంతకుముందు టైప్ 2 మధుమేహం ఉన్నవారిని లెక్కిస్తే 83 శాతం మందికి చక్కెర మామూలు స్థాయికి దిగి అక్కడే నిలిచింది. పైగా ఆ దిగడం చాలామందిలో బరువు పెద్దగా తగ్గకముందే, ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే మొదలైంది.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, బరువుకూ ఆరోగ్యానికీ మనం కట్టిన లంకె ఎంత వదులుగా ఉందో తెలుస్తుంది. ఎంత కొవ్వు పోయిందన్న దానికంటే అది ఎక్కడి నుంచి పోయిందన్నదే ముఖ్యం. చర్మం కింద నిల్వ ఉండే కొవ్వు చాలావరకు నిరపాయకరమే. ఆ గిడ్డంగి నిండిపోయి, మిగిలినది కాలేయంలోకి చేరినప్పుడు చిక్కు మొదలవుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినకుండా రక్తంలోకి చక్కెరను వదులుతూనే ఉంటుంది. దానిని అదుపు చేయడానికి క్లోమం మరింత ఇన్సులిన్ తయారు చేస్తుంది, ఆ ఇన్సులిన్ కాలేయంలో మరింత కొవ్వు తయారయ్యేలా చేస్తుంది. కొన్నేళ్లు గడిచేసరికి ఆ కొవ్వు క్లోమానికీ పాకి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మందగింపజేస్తుంది. బ్రిటన్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ టేలర్ 2008లో ప్రతిపాదించిన ఈ వివరణకు, ఆ తర్వాత జరిగిన ఎంఆర్ఐ పరిశీలనలు బలం చేకూర్చాయి.

అయితే బైపాస్ తర్వాత చక్కెర అంత వేగంగా దిగడానికి కారణం పేగు దారి మళ్లించడమేనని చాలాకాలం నమ్మారు. ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా నేరుగా కిందికి చేరడంతో ఇన్సులిన్‌ను పెంచి ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1 వంటి పేగు హార్మోన్లు అనేక రెట్లు ఎక్కువగా విడుదలవుతాయి. పైత్యరస ఆమ్లాల తీరు మారుతుంది. పేగులోని సూక్ష్మజీవుల కూర్పూ మారుతుంది. ఇవన్నీ నిజాలే. ఈ నమ్మకంతోనే అమెరికాలోని బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల సంఘం 2007లో తన పేరులో 'మెటబాలిక్', అంటే జీవక్రియకు సంబంధించిన, అన్న మాటను చేర్చుకుంది. టేలర్ బృందం మాత్రం ఇంకో ప్రశ్న వేసింది: ఆపరేషన్ అయిన మొదటి వారంలో రోగి తినేది ఎంతని? దాదాపు ఏమీ ఉండదు. అలాంటప్పుడు కత్తి లేకుండా అంతే తక్కువ తింటే ఏమవుతుంది? 2011లో ప్రచురించిన అధ్యయనంలో 11 మంది మధుమేహులకు ఎనిమిది వారాల పాటు రోజుకు 600 కేలరీలు మాత్రమే ఇచ్చారు. మొదటి వారంలోనే పరగడుపు చక్కెర మామూలు స్థాయికి వచ్చింది, కాలేయంలోని కొవ్వు 30 శాతం తగ్గింది.

ఈ వాదాన్ని మరింత కచ్చితంగా పరీక్షించింది మళ్లీ క్లైన్ బృందమే. 2020లో ప్రచురించిన ఆ అధ్యయనంలో టైప్ 2 మధుమేహం ఉన్న 22 మందిని తీసుకున్నారు. సగం మంది బైపాస్ చేయించుకున్నారు, సగం మంది ఆహార నియమంతో బరువు తగ్గారు. రెండు వర్గాలూ శరీర బరువులో సుమారు 18 శాతం కోల్పోయాక పోల్చి చూస్తే కాలేయ స్పందనలో, కండరాల స్పందనలో, బీటా కణాల పనితీరులో తేడా కనిపించలేదు. ఇరవై రెండు మంది చిన్న సంఖ్యే. కానీ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది, వచ్చిన జవాబూ అంతే సూటిగా ఉంది: కత్తి చేసిన మేలును నోరు కట్టుకోవడమూ చేయగలదు, తగ్గిన బరువు సమానంగా ఉన్నంతవరకు.

చిక్కంతా ఆ చివరి షరతులోనే ఉంది. ఎవరైనా కొన్ని నెలలు నోరు కట్టుకోగలరు. ఏళ్ల తరబడి కట్టుకోనివ్వనిది మనస్సు కాదు, శరీరం. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందికి పది వారాల కఠిన ఆహార నియమం పెట్టి, ఏడాది తర్వాత మళ్లీ రక్తపరీక్షలు చేశారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అప్పటికీ హెచ్చుగానే ఉంది, తృప్తినిచ్చే హార్మోన్లు తక్కువగానే ఉన్నాయి. బరువు తగ్గించే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత పరిశీలించి 2016లో నివేదించింది. వారిలో ఎక్కువమంది పోగొట్టుకున్న బరువులో అధిక భాగాన్ని తిరిగి పొందారు, అయినా విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరం ఖర్చు చేసే శక్తి, ఉండవలసిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. బరువు తిరిగి వచ్చినవారిని నిగ్రహం లేనివారని నిందించే వైద్యులు ఈ లెక్కను ఒకసారి చూడడం మంచిది.

శస్త్రచికిత్స ప్రత్యేకత ఇక్కడ బయటపడుతుంది. స్లీవ్ పద్ధతిలో గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే జీర్ణాశయ భాగాన్నే తీసేస్తారు; బైపాస్‌లో భోజనం తర్వాత తృప్తి హార్మోన్లు పెరుగుతాయి. కొవ్వు కరిగించడంలో కత్తికి ప్రత్యేక మహిమ ఏదీ లేకపోవచ్చు గానీ, కరిగిన కొవ్వు తిరిగి రాకుండా శరీరం చేసే ఎదురుదాడిని అది మెత్తబరుస్తుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 150 మందితో జరిగిన ప్రయోగంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 6 శాతం లేదా అంతకు తక్కువ ఉన్నవారు బైపాస్ వర్గంలో 29 శాతం, స్లీవ్ వర్గంలో 23 శాతం, మందులు మాత్రమే వాడిన వర్గంలో 5 శాతం. మరోవైపు బ్రిటన్‌లో సాధారణ వైద్యుల ద్వారానే ఆహార నియమం అమలు చేసిన డైరెక్ట్ ప్రయోగంలో ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం నుంచి బయటపడ్డారు. రెండో ఏడాదికి ఆ సంఖ్య 36 శాతానికి తగ్గింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో మొదటి ఏడాది ఫలితం 86 శాతం.

ఈ 15 కిలోల సంగతి గుర్తుంచుకోదగ్గది, ఎందుకంటే బరువు తగ్గడానికీ ఒక మోతాదు ఉంది. మధుమేహం రాకుండా ఆపడానికి కొద్దిపాటి తగ్గుదల చాలు: 2002లో వెలువడిన అమెరికా నివారణ అధ్యయనంలో, శరీర బరువులో 7 శాతం తగ్గించుకోవడమే లక్ష్యంగా పెట్టుకున్నవారికి ముప్పు 58 శాతం తగ్గింది. వచ్చిన జబ్బును వెనక్కి తిప్పడానికీ గుండెను కాపాడడానికీ అది సరిపోదు. 5,145 మంది మధుమేహులపై జరిగిన లుక్ అహెడ్ ప్రయోగంలో, సగటున 6 శాతం దగ్గర నిలిచిన బరువు తగ్గుదల గుండెపోట్లను తగ్గించలేకపోవడంతో దానిని 2012లో ముందుగానే ఆపేశారు.

శస్త్రచికిత్సకూ మూల్యం ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు. బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలి. ఎముకలు బలహీనపడతాయి, తీపి తింటే కళ్లు తిరిగి చెమటలు పట్టే డంపింగ్ సమస్య రావచ్చు, బైపాస్ తర్వాత మద్యం త్వరగా తలకెక్కుతుంది. స్థూలకాయ శస్త్రచికిత్సపై స్వీడన్‌లో జరిగిన దీర్ఘకాల అధ్యయనంలో శస్త్రచికిత్స వర్గంలో ఆత్మహత్యలు, ఆత్మహాని ఎక్కువగా నమోదయ్యాయి. 1987లో మొదలైన ఆ అధ్యయనంలోనే ఆపరేషన్ చేయించుకున్న మధుమేహుల్లో రెండేళ్లకు 72 శాతం మందికి జబ్బు కనిపించకుండా పోయింది, పదిహేనేళ్లకు అలా మిగిలినవారు 30 శాతం మాత్రమే. దీన్ని శాశ్వత నివారణ అని ప్రచారం చేసేవారు రెండో సంఖ్యను ఎందుకు చెప్పరో ఊహించడం కష్టం కాదు. అయినా కంటికీ మూత్రపిండానికీ నరానికీ జరిగే హాని ఆ వర్గంలో దాదాపు సగానికి తగ్గింది. కొన్నేళ్లపాటు దక్కిన ఉపశమనం కూడా వృథా పోలేదన్న మాట.

కొత్తగా వచ్చిన సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లూ ఈ కథనే మరో రకంగా చెబుతున్నాయి. 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గుతుంది. మందు ఆపిన ఏడాదిలో అందులో మూడింట రెండు వంతులు తిరిగి వస్తుంది.

అందువల్ల ఆహార నియమం మంచిదా, ఆపరేషన్ మంచిదా అన్న వాదన కంటే, ఏది ఎప్పుడు అన్న ప్రశ్నకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ఇప్పటి అలవాటు ప్రకారం రోగి ఏళ్ల తరబడి ఆహారంతోనూ మాత్రలతోనూ తంటాలు పడి, ఇన్సులిన్ దాకా వెళ్లి, ఇక దారి లేదనుకున్నాక సర్జన్ దగ్గరికి చేరతాడు. అప్పటికి బీటా కణాల్లో చాలావరకు కోలుకునే స్థితి దాటిపోయి ఉంటాయి. ఈ ఆపరేషన్ ఎవరికి చేయవచ్చన్న దానికి 1991 నాటి అమెరికా ప్రమాణం బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 40, లేదా అనుబంధ జబ్బులుంటే 35 అని గీత గీసింది. మూడు దశాబ్దాల తర్వాత 2022లో సర్జన్ల సంఘాలు దాన్ని 35కూ, మధుమేహం వంటివి ఉంటే 30కీ దించాయి. కానీ స్వీడన్ అధ్యయనంలో పదిహేనేళ్ల తర్వాత కూడా ఎవరు బాగుంటారో ముందే సూచించిన అంశాల్లో ముఖ్యమైనది, ఆపరేషన్ నాటికి మధుమేహం వచ్చి ఎన్నేళ్లయిందన్నది. ఆ ప్రశ్న పాత గీతలోనూ లేదు, కొత్త గీతలోనూ లేదు.