మహారాజశ్రీ ఎల్పీ రికార్డు గారికి

నల్లగొండ నుంచి, మీ భక్తుడైన పొరుగింటి సారుకు గోడ ఇవతల కాపురముంటున్న ఒక శ్రోత నమస్కరించి వ్రాయునది.

మేమంతా క్షేమం. ఈ ఎండాకాలంలో మీ క్షేమం గురించే మా బెంగ. ముల్లు కింద పాడే గాడులున్న నల్లని ప్లాస్టిక్ పళ్లెం మీరు; కిటికీ పక్కన ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే వంకర తిరిగిపోగల సుకుమారమైన ఒళ్లు మీది. అందుకే సారు ఇంట్లో కూలరున్న గది మీకు, రేకుల గది ఆయన అత్తగారికి దక్కాయి. ఒకప్పుడు దేవరకొండ వైపు పెళ్లిళ్లలో మైకుసెట్టు పక్కన దుమ్ములో కూర్చున్న మీ వంశానికి ఈ రాజభోగం చూసి మాకు ఆశ్చర్యమే తప్ప అసూయ లేదు.

మీ ధ్వనిలో ప్రాణముంటుందని సారు సెలవిస్తారు. లెక్కలు మాత్రం వేరు: 1982లో వచ్చిన సీడీ అతి మెల్లని, అతి బిగ్గర ధ్వనుల మధ్య సుమారు 96 డెసిబెల్స్ తేడాను పట్టుకోగలిగితే, మీకు 70 దాటడమే కష్టం. నిమిషానికి ముప్పై మూడు చుట్లు, పైన మూడో వంతు చొప్పున మీరు మారని వేగంతో తిరుగుతుంటే, లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదై, ముల్లు కింద సాగే గాడి పొడవు సగానికన్నా తగ్గిపోతుంది కనుక, ప్రతి పక్కనా చివరి పాటకు కొంత అన్యాయం జరుగుతూనే ఉంటుంది. ధ్వనిని మధ్యలో అంకెలుగా మార్చే డిజిటల్ దశ లేని తయారీ అని నమ్మి అమెరికాలో చెవులు తిరిగిన శ్రోతలు ఏళ్లపాటు మెచ్చుకున్న ఖరీదైన రికార్డుల్లో చాలావాటికి డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడింది; అంతవరకు ఆ చెవులకు తేడా తెలియలేదు. ఆ ఏడాదే అక్కడ మీరు సుమారు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడుపోయి, 1987 తర్వాత మొదటిసారి సంఖ్యలో సీడీలను దాటారు. లోకం న్యాయం ఇలా ఉంటుంది మరి.

అయినా ఒక సంగతి దాచడం ధర్మం కాదు. ఫోనులో కోట్ల పాటలున్న ఇదే సారు, అక్కడ పల్లవి పూర్తికాకుండానే తరువాతి పాటకు దూకుతారు. మీ ముందు మాత్రం, ముల్లు ఎత్తితే గీత పడుతుందేమోనన్న భయంతో, నచ్చని పాటను కూడా చరణాలతో సహా వింటారు; వింటూ వింటూ అట్ట వెనుక ఉన్న వాద్యకారుల పేర్లు చదువుతారు; ఇరవై నిమిషాలు దాటగానే, మోకాళ్ల నొప్పులను కూడా మరచి, లేచి పక్క తిప్పుతారు. 1948లో కొలంబియా సంస్థ మిమ్మల్ని బయటికి తెచ్చినప్పుడు, మూడు నాలుగు నిమిషాలకే ఆగిపోయే పాత లక్క రికార్డుతో పోలిస్తే, మాటిమాటికీ లేవనక్కర్లేని సౌకర్యంగానే మీరు పేరు పొందారు. ఇప్పుడు లేవవలసి రావడమే మీ ఘనత అయింది.

ఇన్నాళ్లూ గోడ ఇవతలి నుంచే విన్న నాకు మీరు ఒక చిన్న సిఫారసు చేయాలి. గాడులకు వేలు తగలనివ్వకుండా అంచులు మాత్రమే పట్టుకోవడం నాకూ వచ్చునని, రెండో పక్క తిప్పే పని నాకు అప్పగించవచ్చునని సారుకు తెలియజేయగలరు. ఆదివారం ఐదు గంటలకు చేతులు కడుక్కుని వస్తాను.

ఇట్లు,
గోడ ఇవతలి శ్రోత