హెల్మెట్ తియ్యని పెద్దమనిషి

పులస కొనేటప్పుడు మమ్మల్ని చూడాలి. మొప్పలెత్తి చూస్తాం, పొలుసు గోకి చూస్తాం, గోదాట్లో ఎదురీదిన పులసేనా, సముద్రంలోనే పట్టేసిన విలసా అని అమ్మే ఆవిణ్ణి బోనెక్కించినంత పని చేస్తాం. పిల్లల మీద ఒట్టేసినా నమ్మం. చేప పుట్టుపూర్వోత్తరాల మీద ఇంత పట్టుదల ఉన్న మా గోదారి జిల్లాల వాళ్ళకి, ఫోన్లో ఫోటో చూసి కొనే పాత సామాను దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని మర్యాద ముంచుకొస్తుంది. ఇది ఎవరిదండీ అని అడిగితే అవతలి మనిషి నొచ్చుకోడూ!

మా బావమరిదికి ఎకరంన్నర రొయ్యల చెరువుంది. దానికో ఏరియేటర్ మోటారు, అంటే చెరువు నీళ్ళకి గాలి పట్టించేది, కావలసొచ్చింది. ఓ రాత్రి ఫోన్ పట్టుకొచ్చి, "చూడు బావా, కొత్తదాని రేటులో మూడోవంతు లేదు" అన్నాడు. ఆ ప్రకటన నాకు కంఠతా వచ్చేసింది. 'రెండు హెచ్‌పీ మోటారు. సింగిల్ హ్యాండ్. గల్ఫ్ వెళ్తున్నందున అర్జంటుగా అమ్మబడును. బేరాలాడేవాళ్ళు ఫోన్ చెయ్యొద్దు.' కోనసీమలో గల్ఫ్ వెళ్ళిన మనిషి లేని వీధి లేదు. పొలం తాకట్టు పెట్టి వెళ్ళినవాళ్ళని చూశాను, పెళ్ళాం పుస్తెలతాడు పెట్టి వెళ్ళినవాళ్ళని చూశాను, చెరువు మోటారు అమ్మి విమానమెక్కినవాణ్ణి ఇదే చూడ్డం. ఫోటో ఇంకా బావుంది. చీకట్లో ఫ్లాష్ వేసి ఎవరిదో గట్టుమీద తీశారు. మోటారు నించి నీళ్ళు కారుతున్నాయి. బోల్టుకి నాచు వేలాడుతోంది.

"తడిగా ఉందేంట్రా?"

"కడిగి తీశాడు బావా. శుభ్రమైన మనిషి."

ఆ శుభ్రమైన మనిషి సరుకు ఇంటి దగ్గర చూపించడట. రాత్రి ఎనిమిదిన్నరకి లాకుల దగ్గరికి రమ్మన్నాడు. అక్కడ కాటన్ దొర విగ్రహం ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఈ కాలవల్లో నీళ్ళు పారించిన ఆయన మా బేరానికి సాక్షిగా నిలబడ్డాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు గదా. ఆ లెక్కన ఆ రాత్రి లాకుల దగ్గర ఇద్దరు దొరలున్నారు.

రెండో దొర హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు. అప్పుడే నేను బండి తిప్పెయ్యాల్సింది. మా వైపు హెల్మెట్ అంటే పెట్రోలు ట్యాంకు మీద ఊరేగేది, ముందు చెకింగ్ ఉందని ఎవరైనా చెయ్యి ఊపితే నెత్తికెక్కేది. అలాంటిది, స్టాండు వేసి ఆపిన బండి పక్కన, నేలమీద నిలబడ్డ మనిషి నెత్తిన ఉంది. వాన కూడా లేదు. మర్యాదకి టీ చెప్పాం. తియ్యలేదు. అద్దం పైకెత్తి, గ్లాసు వంచి, లోపలికి పోసుకున్నాడు. ఆవిరి పట్టింది. వేలితో తుడుచుకుని మా వంక చూశాడు. మిరపకాయ బజ్జీ చెప్పాం. బజ్జీ పొడుగు, సందు కురచ. మెడ వెనక్కి వాల్చి, తల పక్కకి తిప్పి, ఎలాగో తోశాడు. సగం వెళ్ళాక అద్దం టప్పున పడింది. తొడిమ బయట, మనిషి లోపల. మా బావమరిది ఒక్క అంగలో వెళ్ళి అద్దం ఎత్తి పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే నిలబడ్డాడు, వ్రతంలో పంతులుగారికి హారతి పళ్ళెం అందించినట్టు, ఆయన బజ్జీ పూర్తిచేసి, రెండోది కూడా తినేదాకా. కాస్త అది తీసి తినండి అని మా ఇద్దరిలో ఒక్కడికి నోరు రాలేదు. అనకూడదు గదా మరి, మొహం చూపించమని ఒక మనిషిని ఎలా అడుగుతాం?

"బిల్లుందాండీ?" అన్నాను, అదీ దగ్గులో కలిపేసి.

"ఆయ్, ఉండేదండి. 2022 జులై వరదకి పోయిందండి. ఇల్లంతా నీళ్ళే గదండి."

నాకు జాలేసింది. ఆ జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. లంకల్లో జనం కట్టుబట్టలతో ఏటిగట్టు ఎక్కారు. వాళ్ళ గోడు వీడి నోట విని, కళ్ళు తుడుచుకుని, మోటారు పలకమీద ఫోన్ లైటు వేశాను. సీరియల్ నంబరుండే చోట ఆకురాయి పెట్టి రాసి రాసి అద్దంలా మెరిపించారు. పక్కనే తయారైన సంవత్సరాన్ని మాత్రం వదిలేశారు. 2024. బిల్లు ముందు మునిగిపోయింది, మోటారు తీరిగ్గా తరవాత పుట్టింది.

వేలికి నీలం రంగు అంటుకుంది. ఇంకా ఆరలేదు. రంగు కింద వెల్డింగుతో పోసిన అక్షరాలు చేతికి తగిలాయి. 'సూ.రా.'

"మీరు ప్రసాదన్నారు గదండీ?"

"ఆయ్, అది మా తాతగారి పేరండి."

"పెద్దలంటే భక్తి" అన్నాడు మా బావమరిది నాతో, మెచ్చుకోలుగా. ఫోన్లో వేస్తానంటే వద్దన్నాడాయన, నోట్లే కావాలిట. మావాడు రూ.6,500 లెక్కపెట్టి ఇచ్చాడు.

దారిలో నాకు తెలిసిన చట్టం చెప్పాను. దొంగసొత్తని తెలిసి గాని, అలా అనుకోడానికి కారణం ఉండి గాని పుచ్చుకుంటే మూడేళ్ళ దాకా జైలు. అదివరకు ఐపీసీ 411, 2024 జులై 1 నించి భారతీయ న్యాయ సంహిత 317. అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ఎప్పుడో చెప్పింది. డబ్బులు వెళ్తాయి, మోటారూ మనది కాదు. "మనకి కారణం ఏం కనపడింది బావా?" అన్నాడు. నిజమే. కనపడకుండా ఉండడానికి మేం పడ్డ శ్రమ ఇంతా అంతా? అదే సెల్‌ఫోనైతే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు బయటపడుతుంది. పోయిందని సీఈఐఆర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఫిర్యాదు చేస్తే, 2023 మే నించి దేశంలో ఎక్కడున్నా దాని నోరు కట్టెయ్యొచ్చు. మోటారుకి మొదటినించీ నోరు లేదు. ఎవడు స్విచ్చేస్తే వాడి చెరువులో తిరుగుతుంది.

మూడోరోజు రైతుల వాట్సాప్ గ్రూపులో మెసేజీ. 'మోటారు పోయింది. పక్కన సూ.రా. అని వెల్డింగు ఉంటుంది. కనిపిస్తే దయచేసి చెప్పగలరు.' దాని కింద మా బావమరిది దణ్ణం బొమ్మ పెట్టాడు.

అది చూశాక నాకింక నవ్వు రాలేదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని మావాడికి తెలీదా? 4 పీపీఎం కిందికి రానివ్వకూడదని ఊరందరికీ చెప్పేది వాడే. ఆ వేళప్పుడు ఏరియేటర్ ఆగితే రొయ్య ఊపిరాడక పైకి తేలి గట్టువారకి చేరుతుంది. పొద్దెక్కేసరికి అడుక్కి చేరుతుంది, ఇంక లేవదు. లీజు అప్పు, రొయ్యపిల్ల అప్పు, మేత అప్పు, అన్నీ ఆ బురదలో. ఎవడో దొంగ రాత్రి చీకట్లో బోల్టులు ఊడదీశాడు, సరే, వాడు దొంగ. వాడు ఊడదీసింది ఎవరికోసం? లైటు వేసి పలక చూసి, సంవత్సరం చదివి, రంగు అంటిన వేలు లుంగీకి తుడుచుకుని నోరు మూసుకున్న నాకోసం. బజ్జీలు తినిపించిన సిగ్గులేని వెధవలం మేం.

మెసేజీ పెట్టిన రైతుకి నేనే ఫోన్ చేశాను. స్టేషన్లో అప్పజెప్తానంటే బతిమాలాడు. "వద్దండి, కోర్టు సొత్తయిపోద్దండి. అక్కడ బళ్ళు తుప్పట్టిపోటం చూశాను గదండి." పోయిన మర్నాడే స్టేషన్‌కి వెళ్ళాట్ట. ముందు బిల్లు తెమ్మన్నారట. మళ్ళీ ఊరెళ్ళి తెచ్చాట్ట. తెల్లకాయితం మీద రాయించుకుని, కాపలా ఎందుకు పెట్టుకోలేదని ఆయన్నే నాలుగు కేకలేసి పంపారట.

సాయంత్రం ట్రక్కు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. చిన్న రైతు, కౌలు చెరువు. మోటారు చూసి కూడా దాని దగ్గరికి వెళ్ళలేదు. జేబులోంచి పాలిథిన్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాయితం విప్పి, మా బావమరిదికి రెండు చేతులా అందించాడు. "బిల్లండి. ఓసారి చూసుకోండి. రేపు మీకు అనుమానం ఉండకూడదు గదండి."

మావాడు కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాయితం వెలుతురుకి పట్టి తేదీ చూశాడు, సీలు చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. మోటారు దగ్గర గొంతుక్కూచుని, ఆకురాయికి అరిగిపోయిన పలకని గోటితో గోకి చూశాడు.

"నంబరు కలవటం లేదేంటండీ?" అన్నాడు.