బాల మేధావికి భావాలెందుకు?

తెలుగు ఇళ్లలో ఈ మధ్య మేధావులు విరివిగా పుడుతున్నారు. మూడేళ్ల పాప దేశాల రాజధానులను గడగడా అప్పజెప్పిన సాయంత్రమే ఆ వీడియో బంధువుల వాట్సాప్ గ్రూపుకు చేరుతుంది. ఆరో తరగతికల్లా పాప ఐఐటీ ఫౌండేషన్‌కు చేరుతుంది. ఇంత చక్కటి ఏర్పాటులో ఒక్కటే లోపం: పాపకు భావాలు కూడా ఉంటున్నాయి.

పెద్దల బుద్ధీ పసిమనసూ ఒకే చిన్న శరీరంలో ఉంటే ఇబ్బందులు తప్పవని, ప్రతిభావంతులైన పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికన్ మనస్తత్వవేత్త లీటా హాలింగ్‌వర్త్ గత శతాబ్దంలోనే చెప్పారు. వర్గ సమీకరణాలు సాధించే తొమ్మిదేళ్ల పిల్ల, లైటు తీసేస్తే అమ్మ పక్కన తప్ప పడుకోనంటుంది. ఇది నిస్సందేహంగా క్రమశిక్షణ లోపమే. హాస్టల్లో చేర్పిస్తే అమ్మ ఎలాగూ ఉండదు కనుక సమస్యకు మూలమే పోతుంది.

ఎంపిక విషయంలోనూ మనదే పైచేయి. 1921లో కాలిఫోర్నియాలో మనస్తత్వవేత్త లూయిస్ టెర్మన్ తెలివితేటల పరీక్షలతో సుమారు 1,500 మంది మేధావి పిల్లలను ఏరితే, వారిలో ఒక్కరికీ నోబెల్ రాలేదు. ఆ పరీక్షల్లో నెగ్గక మిగిలిపోయిన విలియం షాక్లీకి 1956లో, లూయిస్ అల్వారెజ్‌కు 1968లో భౌతికశాస్త్రంలో వచ్చింది. ఒక్క ఆదివారం ఉదయం, కొన్ని బిట్లతో జీవితకాల ప్రతిభను తేల్చేసే మన స్క్రీనింగ్ టెస్టులో అలాంటి పొరపాటుకు తావే లేదు.

పదహారేళ్లు నిండనివారిని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోరాదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలిచ్చినప్పుడు కొందరు కంగారుపడ్డారు. అనవసరం. అదే కోచింగ్‌ను బడి యూనిఫారం వేయించి, బడి గంటల్లోనే చెబితే అది చదువవుతుంది.

కాస్త చిక్కు తెచ్చిపెట్టింది సుప్రీంకోర్టే. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంతవరకు మానాలని, నలుగురిలో అవమానించరాదని, వందమంది గాని అంతకుమించి గాని విద్యార్థులున్న సంస్థలో పిల్లల మనసు సంగతి చూసే కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో ఆదేశించింది. సెక్షన్లు లేకపోతే పిల్లను కింది సెక్షన్‌కు దించేదెలా? పుట్టినప్పటినుంచీ ‘మా బంగారం ఫస్టు’ అన్న మాట తప్ప వేరే ముద్దుమాట విననందువల్ల, ఫస్టు రాని రోజున తాను ఇంట్లో ఎవరో తెలియక తికమకపడే పిల్లకు, ఆ సంగతి మైకులో చెప్పకపోతే ఇంకెలా తెలుస్తుంది?

కౌన్సెలర్ సంగతికి మాత్రం యాజమాన్యాలు వెనకాడనక్కర్లేదు. వీకెండ్ టెస్టుకూ ఎర్రర్ లిస్టు రాయడానికీ నడుమ, బట్టలు ఉతుక్కోవడానికి ఇచ్చిన పావుగంట ఉండనే ఉంది. కౌన్సెలింగ్ అందులోనే కానిచ్చేయొచ్చు. అప్పుడు పిల్ల ఏడ్చిందనుకుందాం. ఎన్ని నిమిషాలు ఏడ్చిందో డీన్ గారు రిజిస్టరులో రాసుకుని, రాత్రి స్టడీ అవర్‌ను ఆ మేరకు పొడిగిస్తే సిలబస్‌కు ఏ నష్టమూ ఉండదు.