తొంభై నిమిషాలు మౌనంగా వినలేమా?

2024 సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో కమలా హ్యారిస్, డొనాల్డ్ ట్రంప్‌ల మధ్య జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికల చర్చను డాలస్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో పదిమందిమి కలిసి చూశాము. మాటలు స్పష్టంగా వినబడాలనే అక్కడ ప్రేక్షకులను అనుమతించలేదు, ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మైకు ఆపివేశారు. ఆ నిశ్శబ్దం మా హాల్లో ఐదు నిమిషాలైనా నిలవలేదు. గర్భస్రావ హక్కులపై జవాబు సగంలో ఉండగానే ఒకరు గెలుపెవరిదో తేల్చేశారు, మరొకరు ఫోనులో వచ్చిన మీమ్‌ను అందరికీ చూపిస్తూ తిరిగారు, ఆరోగ్య బీమా ప్రశ్న ఆ గోలలోనే కొట్టుకుపోయింది. అన్నిటికన్నా నన్ను బాధించినది, ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలసవచ్చినవారు పెంపుడు కుక్కలను, పిల్లులను తింటున్నారని ట్రంప్ అన్నప్పుడు, అలాంటి నమ్మదగిన ఫిర్యాదులేవీ లేవని నగర అధికారి చెప్పారంటూ మోడరేటర్ డేవిడ్ మ్యూర్ అక్కడికక్కడే సరిదిద్దుతున్నా, అది ఎవరి చెవికీ ఎక్కకుండా గది మొత్తం పగలబడి నవ్వడం. మనమూ వీసా కాగితాలు చేతపట్టుకుని ఈ దేశానికి వచ్చినవాళ్లమే కదా, మర్నాడు ఆ ఊళ్లో పిల్లలను బడికి పంపవలసిన, హైతీ నుంచి వలసవచ్చిన తల్లులు ఒక్కరికైనా గుర్తుకు రాలేదా? ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, చర్చను మొదటినుంచి మళ్లీ పెట్టుకుని ఒక్కదాన్నే విన్నాను.