మొలిచేది తల ఒక్కటే కాదు

బల్లి తోక తెగితే మళ్లీ వస్తుందని చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. కానీ తలే తెగిపోతే? నెమటోస్టెల్లా అనే సీ అనిమోన్‌కు అదీ పెద్ద విషయం కాదు. ఉప్పునీటి మడుగుల బురదలో ఒళ్లు దాచుకుని, నోటి చుట్టూ ఉన్న మీసాల్లాంటి టెంటకిల్స్ మాత్రం బయటికి చాపి కూర్చునే జీవి ఇది. పొడవు మామూలుగా ఒకటి రెండు సెంటీమీటర్లే. ల్యాబ్‌లో దీన్ని అడ్డంగా కోస్తే కొన్ని గంటల్లో గాయం మూసుకుపోతుంది. వారం తిరిగేసరికి కింది ముక్కకు నోరు, గొంతు, టెంటకిల్స్ అన్నీ వచ్చేస్తాయి.

ఇలాంటి వార్త రాగానే 'ఇక మనిషికీ కాళ్లూ చేతులూ మొలుస్తాయి' అని హెడ్‌లైన్ పెట్టేస్తారు. నాకు చిరాకు తెప్పించేది అదే. అసలు ఆసక్తికరమైన సంగతి గాయం దగ్గర కాదు, గాయానికి దూరంగా ఉంది.

దీని పొట్టలో పైనుంచి కిందికి వేలాడే పొరలు కొన్ని ఉంటాయి. తిండి అరిగించుకునేది, గుడ్లు తయారయ్యేది వాటిలోనే. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో పరిశోధకులు ఆ పొరలు తీసేసి, ఒంటి గోడ ముక్కను మాత్రం వదిలి చూశారు. గాయం మానింది గానీ తల రాలేదు. అంటే గాయం మానడం వేరు, పోయినది మొలవడం వేరు. కోసిన తర్వాత కొన్ని కణాలు వాటంతట అవే చనిపోతాయి. మందు వేసి ఆ చావును ఆపినా తల రాదు! పిండం పెరిగేటప్పుడు పనిచేసే జన్యువుల్లో కొన్ని ఇక్కడా మళ్లీ పనిచేస్తాయి, కానీ ఈ చావు అవసరం మాత్రం పిండానికి లేదు. కాబట్టి 'మళ్లీ పుట్టినట్టే' అనడం సగమే నిజం.

ఈమధ్య జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మరో సంగతి బయటపడింది. ఒక కొస కోస్తే, కోత పడని అవతలి కొసలోనూ కదలిక మొదలవుతుంది. మిగిలిన ఒళ్లంతా సర్దుకుని పాత ఆకారానికి వస్తుంది. సైజు తగ్గినా ఫర్వాలేదు, పొడవు వెడల్పుల లెక్క మాత్రం కుదరాలి.

2007లో దీని జన్యుపటం చదివినప్పుడు, జన్యువుల అమరికలో ఈగల కంటే మనకే దగ్గరగా ఉందని తేలింది. సరుకు మన దగ్గరా చాలావరకు ఉంది, వాడే తీరే వేరు.

పైగా దీని ఒళ్లు సర్దుకోవడానికి గాయమే అక్కర్లేదు. నాలుగు టెంటకిల్స్‌తో మొదలయ్యే పిల్లకు తిండి పెట్టేకొద్దీ కొత్తవి మొలుస్తాయి, మామూలుగా 16 దాకా. తిండి ఆపేస్తే ఎన్ని ఉన్నాయో అన్నిటితోనే ఆగిపోతుంది.